సుస్థిర వరి సాగు: పరిశోధన ప్రాధాన్యాలకు వరుస ఎలా పెట్టాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. వరి సాగులో రాబోయే ఐదేళ్ళకు పరిశోధన అంశాల వరుసను సూచించవలసిన ఒక చిన్న బృందంలో నేను సభ్యుడిని. నీటి పొదుపు, మీథేన్ (భూమిని వేడెక్కించే వాయువు), నత్రజని, వేడిని తట్టుకునే రకాలు, కలుపు, చీడపీడలు, వరి కొయ్యలు ఇలా ఇరవైకి పైగా అంశాలు మా ముందున్నాయి. ఓట్లు వేసి చూస్తే బృందంలో ఏ విభాగంవారు ఎక్కువగా ఉంటే ఆ విభాగమే పైకి వస్తోంది. ఎకరా దిగుబడిని కొలమానంగా తీసుకుంటే నీరు, నేల, గాలి లెక్కలోకే రావు. ప్రపంచ సాగునీటిలో సుమారు మూడో వంతు వరికే పోతోందనీ, మానవ చర్యల వల్ల వెలువడే మీథేన్‌లో దాదాపు 8 నుంచి 10 శాతం వరి మడులదేననీ తెలిశాక దిగుబడి ఒక్కదానితో వరుస పెట్టడానికి మనసు ఒప్పడం లేదు. అలాగని దిగుబడిని పక్కన పెట్టడమూ సాధ్యం కాదు. ఇటువంటి పని చేసినవారు ఎక్కడ మొదలుపెట్టారో దయచేసి చెప్పగలరు.

మొదటి సమాధానం (సస్యశాస్త్ర విభాగం)

అంశాలకు వరుస పెట్టడం మానేసి, ఇంకా జవాబు దొరకని ప్రశ్నలకు వరుస పెట్టండి. ఉదాహరణకు ‘నీటి పొదుపు’ అనేది అంశమే కాని ప్రశ్న కాదు. మడిలో నీరు నేల మట్టం నుంచి 15 సెంటీమీటర్ల లోతుకు దిగినప్పుడే మళ్ళీ తడి ఇచ్చి, పూత దశలో మాత్రం నీరు నిలబెడితే, దిగుబడి సాధారణంగా తగ్గదనీ, నీరు 30 శాతం దాకా మిగులుతుందనీ, మీథేన్ గణనీయంగా తగ్గుతుందనీ ఎన్నో దేశాల ప్రయోగాల్లో తేలింది. దాన్నే మరోసారి ప్రయోగ క్షేత్రంలో నిరూపించడానికి నిధులు పెట్టడం వృథా అని నా దృఢమైన అభిప్రాయం.

తేలవలసింది మరొకటి ఉంది. నేల ఆరుతూ తడుస్తూ ఉన్నప్పుడు నత్రజని, మీథేన్‌లాగే భూమిని వేడెక్కించే నైట్రస్ ఆక్సైడ్ వాయువుగా మారి పోవడం పెరుగుతుంది; గింజలో విషపదార్థమైన ఆర్సెనిక్ తగ్గుతుంది గాని, ఆమ్ల నేలల్లో కాడ్మియం అనే మరో విషపదార్థం పెరిగే ప్రమాదం ఉంది. నీటి నిపుణులు ఒక పొలంలో, ఎరువుల నిపుణులు మరో పొలంలో, వాయువులు కొలిచేవారు ఇంకో పొలంలో పనిచేస్తే ఈ లాభనష్టాలు ఎవరి పట్టికలోనూ కనిపించవు. ఒకే మడిలో, అనేక పంటకాలాల పాటు, ఇవన్నీ కలిపి కొలిచే ప్రతిపాదనకే నేను మొదటి స్థానం ఇస్తాను.

రెండవ సమాధానం (క్షేత్రస్థాయి విస్తరణ)

పైవారి మాటతో చాలావరకు ఏకీభవిస్తాను, కాని పద్ధతి నిరూపితమైందన్నంత మాత్రాన ప్రశ్న ముగిసిపోదు. నీటి మట్టం చూడటానికి మడిలో దించే చిల్లుల గొట్టాన్నే తీసుకోండి. లోపలికి బురద చేరి చిల్లులు పూడుకుపోతే, చుట్టూ నేల నెర్రెలు విచ్చుతున్నా గొట్టంలో నీరు నిలిచే ఉంటుంది. రైతు దాన్ని నమ్మితే పైరు బెట్టకు గురవుతుంది. మడి చదునుగా లేకపోతే ఒక మూల ఎండిపోయేసరికి రెండో మూల చీలమండల లోతు నీరు ఉంటుంది. అన్నిటికీ మించి, కాలువ నీరు వంతులవారీగా వచ్చే చోట, వచ్చే వంతు ఎప్పుడో తెలియని రైతు మడి నిండా నీరు పెట్టుకోవడమే తెలివైన పని. నీటి పన్ను విస్తీర్ణాన్ని బట్టి కట్టే రైతుకు పొదుపు వల్ల చేతికి వచ్చేది ఏమీ ఉండదు.

ఇవి వ్యవసాయ శాస్త్రం బయటి విషయాలని పక్కకు నెట్టకండి. వంతుల నిర్వహణ, భూమి చదును చేసే ఖర్చు, కౌలు రైతుకు దక్కే లాభం పరిశోధించదగిన ప్రశ్నలే. పట్టిక సిద్ధమయ్యాక రైతుల ఆమోదం అడగడం కన్నా, అది రాసేటప్పుడే కౌలు రైతులనూ, నాట్లు వేసి కలుపు తీసే మహిళలనూ కూర్చోబెట్టండి. నేరుగా విత్తే పద్ధతిలో నీరు, కూలి ఎంత మిగిలినా, ఊద వంటి కలుపు ఆ లాభాన్ని ఎలా తినేస్తుందో ముందుగా చెప్పేది వారే.

మూడవ సమాధానం (వంగడాల అభివృద్ధి)

ఐదేళ్ళ గడువు మీద నాకు ఆందోళన ఉంది. సుమారు రెండు వారాల ముంపును తట్టుకునే సబ్-1 లక్షణం ఎఫ్‌ఆర్-13ఏ అనే పాత ఒడిశా రకం నుంచి వచ్చింది. ఆ లక్షణపు స్థానాన్ని 1990లలో గుర్తించారు, జన్యువును 2006లో వెల్లడించారు, ఆ లక్షణాన్ని స్వర్ణ రకంలో చేర్చి రూపొందించిన స్వర్ణ సబ్-1 భారతదేశంలో 2009లో విడుదలైంది. ఐదేళ్ళలో ఫలితం చూపమని అడిగి ఉంటే ఆ పని మధ్యలోనే ఆగిపోయేది.

రాత్రి వేడి సమస్య కూడా అటువంటిదే. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ పొలాల లెక్కలతో 2004లో వెలువడిన అధ్యయనం, పొడి కాలపు పంటలో కనిష్ఠ ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే దిగుబడి 10 శాతం తగ్గినట్టు చూపింది. ఇటువంటి పనులకు నిధుల్లో కొంత భాగాన్ని విడిగా కేటాయించి, వాటిని తక్షణ ప్రశ్నలతో పోటీకి పెట్టకండి.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. దీర్ఘకాలిక పనులను వేరే పట్టికగా విడదీస్తున్నాను. మిగిలిన ప్రతి అంశాన్నీ ప్రశ్నగా తిరగరాసి, దాని పక్కన ‘ఇప్పటికే తెలిసినది’, ‘రైతును ఆపుతున్నది’ అని రెండు గడులు చేరుస్తాను. వాటిలో రెండవదాన్ని బృందం కాకుండా రైతులే నింపుతారు. ఒకే మడిలో అన్నీ కొలిచే ప్రయోగానికి కనీసం ఎన్ని పంటకాలాలు అవసరమో మొదటి సమాధానం ఇచ్చినవారు చెబితే, ఖర్చు అంచనా మొదలుపెడతాను.