తక్కువ వాల్యూమ్‌లో ట్యూబ్ బాస్ యాంప్ నుంచి మంచి టోన్ రాబట్టడం ఎలా?

నాలుగుతీగలు:

అందరికీ నమస్కారం. సికింద్రాబాదులోని మా చర్చి ఆరాధన బృందంలో ఆరేళ్లుగా బాస్ గిటార్ వాయిస్తున్నాను. నా దగ్గర నాలుగు 6ఎల్6 పవర్ ట్యూబులున్న (స్పీకర్లను నడిపే ట్యూబులు) 100 వాట్ల హెడ్ (స్పీకర్లు లేని యాంప్ పెట్టె), నాలుగు 10 అంగుళాల స్పీకర్లున్న 8 ఓమ్‌ల క్యాబినెట్ ఉన్నాయి. హెడ్‌ను మా బావగారు టెక్సాస్ నుంచి తెచ్చారు. అది 120 వోల్టులది కాబట్టి వోల్టేజి తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ మీద నడుపుతున్నాను.

ఇంతకు ముందు ఆరుబయట కూటాల్లో వాయించేటప్పుడు వాల్యూమ్ సగం దాటించేవాణ్ణి. అప్పుడు వచ్చే గుర్రుమనే గరుకుదనం, స్వరం మొదట్లో మెత్తగా అణిగి తర్వాత ఉబికివచ్చే తీరు నాకు ఎంతో ఇష్టం. ఇప్పుడు కొత్త హాలులోకి మారాము. డ్రమ్స్ చుట్టూ అక్రిలిక్ తెర కట్టారు, సౌండ్ చూసే అన్న నా వాల్యూమ్‌ను 2 దాటనివ్వడం లేదు. ఆ స్థాయిలో నా యాంప్ ఏ పదివేల రూపాయల ట్రాన్సిస్టర్ యాంప్ మాదిరిగానో, ఇంకా చెప్పాలంటే అంతకంటే నీరసంగా పలుకుతోంది.

తెలిసినవారు మూడు సలహాలిచ్చారు. హెడ్‌కూ క్యాబినెట్‌కూ మధ్య యాంప్ శక్తిలో కొంత మింగేసే అటెన్యుయేటర్ పెట్టమని ఒకరు, నాలుగు పవర్ ట్యూబుల్లో రెండింటిని పీకేయమని ఇంకొకరు, ప్రీయాంప్‌లోని (సిగ్నల్‌ను మొదట పెంచే భాగం) 12ఏఎక్స్7 ట్యూబు స్థానంలో 12ఏయూ7 పెట్టమని మరొకరు. గిటారిస్టు మిత్రుడి 50 వాట్ల అటెన్యుయేటర్‌ను ఒక ఆదివారం పెట్టి చూస్తే పావుగంటలో చేయి పెట్టలేనంత వేడెక్కింది, టోన్ కూడా దుప్పటి కప్పినట్టు మూసుకుపోయింది. వీటిలో ఏది సరైన దారో అనుభవజ్ఞులు చెప్పగలరా?

పాతవాల్వు:

నాలుగుతీగలు గారూ, ముందుగా ఆ 50 వాట్ల అటెన్యుయేటర్‌ను మీ మిత్రుడికి తిరిగి ఇచ్చేయండి. 100 వాట్ల ట్యూబ్ హెడ్‌ను గట్టిగా తోలినప్పుడు అది తన మీద రాసిన అంకె కంటే చాలా ఎక్కువ శక్తినే బయటికి పంపుతుంది. అటెన్యుయేటర్ లోపలి తీగచుట్ట కాలి తెగిపోతే, ట్యూబులను స్పీకర్‌కు కలిపే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌కు లోడ్ (శక్తిని తీసుకునే స్పీకర్) లేకుండా పోతుంది. ట్యూబ్ యాంప్‌కు అంతకు మించిన ప్రమాదం లేదు, ఎందుకంటే దాని ప్రైమరీ చుట్టలో పుట్టే ఎదురు వోల్టేజి ఇన్సులేషన్‌ను చీల్చేయగలదు. క్యాబినెట్ వైరు ఊడిపోయిన సంగతి గమనించకుండా వాయించి ట్రాన్స్‌ఫార్మర్‌ను కాల్చుకున్నవారి హెడ్లు నా బల్ల మీదికి ఏటా రెండు మూడైనా వస్తుంటాయి.

ఇక ట్యూబ్ టోన్ అని మనం ఒక్క మాటతో పిలిచేది నిజానికి ఒక్క చోట పుట్టదు. ప్రీయాంప్ ట్యూబులు చేర్చే హార్మోనిక్స్ (మూల స్వరానికి రెట్లుగా ఉండే పై స్వరాలు) ఒక పాలు. పవర్ ట్యూబులు తమ హద్దుకు చేరినప్పుడు శిఖరాలు గుండ్రబడటం, ఆ క్షణంలో సప్లై వోల్టేజి కొంచెం కుంగి తేరుకోవడం రెండో పాలు, మీరు చెప్పిన అణిగి ఉబికే తీరు ఇక్కడిదే. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఇనుము మంద్ర స్వరాల దగ్గరే ముందుగా సంతృప్తమవుతుంది కాబట్టి, అన్నిటికంటే మంద్రమైన లో-ఇ తీగకు వచ్చే ఆ ప్రత్యేకమైన మందం అక్కడి నుంచి వస్తుంది. వీటిలో ప్రీయాంప్ వాటా తప్ప తక్కినవన్నీ వాల్యూమ్‌తో ముడిపడినవే. అయితే నాలుగోది ఒకటుంది. ట్యూబ్ యాంప్ స్పీకర్ కోన్‌ను ట్రాన్సిస్టర్ యాంప్ అంత గట్టిగా అదుపు చేయదు గనుక, స్పీకర్ ఇంపిడెన్స్ (ఓమ్‌లలో కొలిచే నిరోధం) ఏయే స్వరాల దగ్గర పెరుగుతుందో అక్కడ ధ్వని కూడా కొంత పెరుగుతుంది. ఇది వాల్యూమ్ 1 మీద ఉన్నా జరుగుతుంది. సాధారణ రెసిస్టర్ అటెన్యుయేటర్‌ను మధ్యలో దూర్చితే చెడేది ఈ సంబంధమే. మీకు దుప్పటి కప్పినట్టు వినిపించడానికి అదొక కారణం.

రెండు ట్యూబులు పీకడం వల్ల శక్తి సగమవుతుంది, కానీ చెవికి తగ్గేది 3 డెసిబెళ్లే, అంటే పక్కవాడు గమనిస్తాడో లేదో అన్నంత. అయినా చేస్తానంటే తరంగాన్ని చెరిసగం మోసే రెండు జట్లలో పుష్ వైపు ఒకటి, పుల్ వైపు ఒకటి తీసి, 8 ఓమ్‌ల క్యాబినెట్‌ను ఉంచుతూనే హెడ్ వెనుక మీటను 4 ఓమ్‌లకు తిప్పి, బయాస్‌ను (ట్యూబుల్లో నిలకడగా పారే కరెంటు అమరికను) మళ్లీ చూపించుకోవాలి. లోపల 450 వోల్టుల పైన ఉంటుంది, స్విచ్ ఆపేశాక కూడా కెపాసిటర్లలో నిలిచి ఉంటుంది, కాబట్టి బయాస్ పని సొంతంగా చేయకండి. 12ఏయూ7 సంగతి వేరు. దాని యాంప్లిఫికేషన్ అంకె 20 దాకా, 12ఏఎక్స్7ది 100. మార్చితే నాబ్ మరింత దూరం తిరుగుతుంది గనుక ఎక్కువ వాల్యూమ్ పెట్టిన తృప్తి మిగులుతుంది గాని, పవర్ ట్యూబులకు అందే సిగ్నల్ పెరగదు, పైగా ఉన్న ప్రీయాంప్ గరుకుదనమూ పోతుంది.

అడగని మాట ఒకటి. స్టెప్‌డౌన్ వోల్టేజిని మారుస్తుందే గాని హెర్ట్జ్‌ను మార్చదు. హెడ్ వెనుక 50/60 హెర్ట్జ్ అని రాసి ఉందో లేదో చూడండి. 60కి మాత్రమే చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్ మన 50 హెర్ట్జ్ కరెంటు మీద అవసరానికి మించి వేడెక్కుతుంది.

సౌండ్‌బల్ల:

నేను మిక్సర్ వెనుక కూర్చునేవాణ్ణి, మీ సౌండ్ అన్న పక్షాన కొంత చెప్పాలి. పాతవాల్వు గారి వివరణతో ఏకీభవిస్తాను. అయితే అటెన్యుయేటర్లన్నిటినీ పక్కన పెట్టనక్కరలేదు. స్పీకర్ ఇంపిడెన్స్‌ను అనుకరించే రియాక్టివ్ లోడ్‌లు ఉన్నాయి, 100 వాట్లకు పైబడిన రేటింగ్ ఉన్నది దొరికితే పవర్ ట్యూబుల గరుకుదనాన్ని లైన్ సిగ్నల్‌గా మిక్సర్‌కు పంపవచ్చు. ధర మాత్రం మీ క్యాబినెట్ ధరను దాటిపోవచ్చు.

దానికంటే ముందు చవకైన మార్గం చూడండి. స్పీకర్ల మీద 1 వాటుకు 1 మీటరు దూరంలో ఎన్ని డెసిబెళ్లు అని రాస్తారు. నాలుగు 10 అంగుళాల క్యాబినెట్‌కు ఇది 100 వరకు ఉంటే, ఒకే 12 అంగుళాల మూసిన క్యాబినెట్‌కు 94 ఉండవచ్చు. ఆ 6 డెసిబెళ్ల తేడా అంటే యాంప్ శక్తిని నాలుగో వంతుకు తగ్గించినట్టు. యాంప్‌లో ఏమీ కదపకుండా, ఏ ప్రమాదమూ లేకుండా, హెడ్‌ను అంత ఎక్కువగా తోలవచ్చు. ఆ క్యాబినెట్ మీ హెడ్ పవర్‌ను తట్టుకోగలదా, ఓమ్‌లు కలుస్తున్నాయా అన్నది మాత్రం చూసుకోవాలి.

ఇక చెవి విషయం. ధ్వని తగ్గేకొద్దీ మన చెవి మంద్ర స్వరాలను మరింతగా వదిలేస్తుందని 1933లోనే ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు కొలిచి చూపించారు. 1000 హెర్ట్జ్‌లో 40 డెసిబెళ్ల శబ్దం ఎంత గట్టిగా వినిపిస్తుందో అంత గట్టిగా వినిపించడానికి 50 హెర్ట్జ్‌కు దాదాపు 78 కావాలి. అందుకే వాల్యూమ్ 2 మీద మీ యాంప్ నీరసించినట్టు తోస్తుంది. అప్పుడు అందరూ చేసే పొరపాటు బాస్ నాబ్‌ను పూర్తిగా తిప్పేయడం. లో-ఇ తీగ 41 హెర్ట్జ్, దాని తరంగం పొడవు 8 మీటర్లకు పైనే. అది హాలు మూలల్లో పేరుకుని వెనుక బెంచీలవారి ఛాతీలో మోగుతుంది, మీకు మాత్రం వినిపించదు. దానికి బదులు బాస్‌ను కాస్త తగ్గించి, 150 నుంచి 300 హెర్ట్జ్ ప్రాంతాన్ని కొంచెం పెంచి, ప్రీయాంప్‌లోనో ఓవర్‌డ్రైవ్ పెడల్‌లోనో స్వల్పంగా గరుకు చేర్చండి. 82, 123 హెర్ట్జ్ హార్మోనిక్స్ వినిపిస్తే చెవి 41ని తానే ఊహించుకుంటుంది.

క్యాబినెట్ బోలు చెక్క వేదిక మీద నేరుగా ఉంటే ఆ వేదికే ఒక డప్పు. కింద మందపాటి రబ్బరు చాప వేసి, క్యాబినెట్‌ను వెనక్కి వంచి మీ చెవికి గురిపెట్టండి. ఇప్పుడు అది మీ మోకాళ్లకు వాయిస్తోంది.

మరో సంగతి. బాస్ టోన్‌కు నేటికీ గీటురాయిగా చెప్పుకునే మోటౌన్ రికార్డు సంస్థ బాసిస్టు జేమ్స్ జేమర్సన్ వేదిక మీద ఆంపెగ్ బి-15 యాంప్ వాడినా, డెట్రాయిట్‌లోని మోటౌన్ స్టూడియోలో ఆయన బాస్ ప్రధానంగా నేరుగా మిక్సింగ్ కన్సోల్‌కే వెళ్లేది. ఆ బి-15 కూడా 1960లో వచ్చినప్పుడు 25 వాట్లదే. 1969లో వచ్చిన 300 వాట్ల ఆంపెగ్ ఎస్‌వీటీ యాంప్ పెద్ద మైదానాల కోసం పుట్టింది. మన హాళ్ల కోసం కాదు.

నాలుగుతీగలు:

ఇద్దరికీ ధన్యవాదాలు. రెండు ఆదివారాలు ప్రయత్నించి రాస్తున్నాను. హెడ్ వెనుక 50/60 అని ఉంది, కాబట్టి ఆ భయం తీరింది. అటెన్యుయేటర్‌ను తిరిగి ఇచ్చేశాను, ట్యూబులు పీకలేదు. బృందంలోని ఒక తమ్ముడి దగ్గర 8 ఓమ్‌ల 12 అంగుళాల క్యాబినెట్ అరువు తెచ్చుకుని, రబ్బరు చాప మీద పెట్టి వెనక్కి వంచాను. నాబ్ ఇప్పుడు 3 దాటుతోంది, సౌండ్ అన్న ఏమీ అనలేదు. అసలు మార్పు బాస్ నాబ్ తగ్గించి మిడ్ పెంచినప్పుడు వచ్చింది. మొదట్లో పలచగా అనిపించింది గాని, డ్రమ్స్ కలిసేసరికి ప్రతి స్వరం విడిగా వినిపించింది. ఇంకా లేనిదల్లా స్వరం మొదట్లో అణిగే ఆ మెత్తదనమే. దానికి ఏమైనా దారి ఉందా?

పాతవాల్వు:

ఉంది, అయితే నకలు దారి. హెడ్‌కు ముందు గట్టి స్వరాలను అణిచే కంప్రెసర్ పెడల్ ఒకటి పెట్టి, నిష్పత్తి 3కు 1, అటాక్ (అణచడానికి పట్టే సమయం) 30 మిల్లీసెకన్ల దగ్గర, రిలీజ్ (వదలడానికి పట్టే సమయం) 200 దగ్గర మొదలుపెట్టండి. గట్టిగా మీటినప్పుడు మాత్రమే సూచిక 4 లేక 5 డెసిబెళ్లు పడేలా థ్రెషోల్డ్‌ను (అణచడం మొదలయ్యే స్థాయిని) దించండి. మొదటి దెబ్బ మరీ పదునుగా తోస్తే అటాక్‌ను 10 వరకు తేవచ్చు. ఓవర్‌డ్రైవ్ పెడల్ కూడా ఉంటే దాన్ని కంప్రెసర్‌కు ముందే ఉంచండి. తర్వాత పెడితే మెల్లగా మీటినా గట్టిగా మీటినా ఒకే గరుకు వస్తుంది, మీ వేళ్ల బలానికి అర్థం లేకుండా పోతుంది.