సంక్రాంతికి ఊరెళ్తున్నా, మా చెరువులో పిట్టల్ని లెక్కపెట్టి పంపొచ్చా?

చెరువుగట్టు:
జనవరిలో ఆసియా అంతటా నీటిపక్షుల లెక్కింపు జరుగుతుందని ఈమధ్యే తెలిసింది. మాది కైకలూరు దగ్గర. ఊరి చెరువులో కొంగలు, నీటికాకులు, ఏవో బాతులు దిగుతాయి, వాటిలో ఓ పది రకాలు గుర్తుపడతానేమో అంతే. పక్కనే అంత కొల్లేరు, ఆటపాక పక్షుల కేంద్రంలో అన్ని గూడబాతులు (పెలికాన్లు) ఉండగా మా చిన్న చెరువు లెక్క ఎవరికైనా పనికొస్తుందా?

గోదారిపిట్ట:
తప్పకుండా పనికొస్తుందండి. కొల్లేరు 2002లోనే రాంసర్ జాబితాకెక్కింది (అంతర్జాతీయ ప్రాధాన్యం ఉన్న చిత్తడి నేలల జాబితా అది), కానీ అక్కడి పక్షులు మేతకు చుట్టుపక్కల చెరువులకు కూడా వస్తాయి కదా. మీరు చెప్పిన ఆసియా లెక్కింపు ఓ అంతర్జాతీయ లెక్కలో భాగం, అది 1967లో మొదలై, మన ఉపఖండానికి 1987లో వచ్చింది. జనవరే ఎందుకంటే, ఉత్తరాన ఉన్న దేశాల చలి తప్పించుకుని వచ్చిన పక్షులు అప్పటికి ఇక్కడ కుదురుకుని ఉంటాయి, తిరుగు ప్రయాణం ఇంకా మొదలుకాదు, అన్ని దేశాల్లో అదే సమయంలో లెక్కపెడితే ఒక గుంపునే రెండు చోట్ల రాసే ప్రమాదం తగ్గుతుంది. ఒక జాతి పక్షుల్లో 1 శాతం ఒకే చోటికి క్రమంగా వస్తుంటే రాంసర్ ఒప్పందం ప్రకారం ఆ చోటుకు అంతర్జాతీయ ప్రాధాన్యం ఉన్నట్టే. మరి ఆ 1 శాతం ఎంతో తేలాలంటే మీలాంటివాళ్ల అంకెలే కావాలి.

జమ్ముగడ్డి:
పొద్దున్నే వెళ్లు తమ్ముడూ. ఎండ నీ వీపు మీద పడేలా నిలబడు, లేకపోతే ప్రతి పిట్టా నల్లగానే కనిపిస్తుంది. గుంపు పెద్దదైతే ముందు ఓ పదింటిని లెక్కపెట్టి, ఆ పది ఎంత మేర ఉన్నాయో చూసుకుని, గుంపులో అలాంటి పదులు ఎన్నో లెక్కెయ్. పోల్చుకోలేని బాతును "గుర్తుపట్టని బాతు" అనే రాయి, ఊహించి పేరు పెట్టొద్దు. దగ్గరికి మాత్రం వెళ్లకు. నేను మొదటి ఏడాది ఫొటో కోసం గట్టు దిగితే మేస్తున్న గుంపంతా లేచిపోయింది, ఇప్పటికీ బాధే.

నీలిరెక్క:
ముందుగా ఈ లెక్కింపు చూసే మీ రాష్ట్ర కోఆర్డినేటర్‌తో మాట్లాడండి, ఆ చెరువుకి వేరేవాళ్లు వెళ్తున్నారేమో తెలుస్తుంది. ఏటా అదే గట్టు, అదే సమయం. ఏమీ కనిపించకపోతే సున్నా అని రాసి పంపండి, చాలామంది అక్కడే మానేస్తారు, దాంతో పక్షులు ఎప్పుడు తగ్గాయో తెలియకుండా పోతుంది. గుర్రపుడెక్క పట్టిందా, చేపల చెరువుగా మార్చారా, అదీ రాయండి.

చెరువుగట్టు:
థాంక్సండీ అందరికీ. నాన్నని కూడా తీసుకెళ్తా, ఆయనకి నాకంటే ఎక్కువ పిట్టలు తెలుసు, కాకపోతే అన్నీ మా ఊరి పేర్లే. వాటిని ఫారంలో పేర్లతో ఎలా కలపాలి?

జమ్ముగడ్డి:
ఆయన చెప్పిన పేరు, దూరం నుంచి తీసిన ఫొటో రెండూ ఇక్కడ పెట్టు, కలిసి చూద్దాం.