నానక్‌రామ్‌గూడలో పని, నాలుగు రాత్రుల బస: హోటల్ ఎక్కడ తీసుకుంటే మంచిది?

రాజమండ్రి_రేవు:
అందరికీ నమస్కారం. వచ్చే నెల కంపెనీ పని మీద హైదరాబాద్ రావాలి, సోమవారం పొద్దున దిగి శుక్రవారం వెళ్ళిపోతాం. నాతో మా మేనేజర్ గారు కూడా వస్తున్నారు. ఆయనకి యాభై ఎనిమిదేళ్ళు, మోకాళ్ళ నొప్పులు, పైగా రాత్రి నిద్ర చెడితే మర్నాడు ఆ కోపం అంతా నా మీదే. మూడు రోజులు నానక్‌రామ్‌గూడలో మీటింగులు, ఒక రోజు బాలానగర్‌లో. నేనెప్పుడొచ్చినా అబిడ్స్‌లో ఒక లాడ్జిలో దిగి, చార్మినార్ దాకా వెళ్ళొచ్చి, బిర్యానీ తిని బండెక్కేసేవాణ్ణి. ఈసారీ అక్కడే చూద్దామంటే ఆఫీసులో అందరూ నవ్వారు. గదికి అయిదు వేల దాకా కంపెనీ ఇస్తుంది, రెండు గదులు కావాలి. మేనేజర్ గారికి ఒక సాయంత్రం చార్మినార్ చూడాలని ఉంది. ఎక్కడ దిగమంటారు?

ఇరానీ_చాయ్:
నవ్వినవాళ్ళ తప్పు లేదన్నా. అబిడ్స్ నుంచి నానక్‌రామ్‌గూడ ఇరవై కిలోమీటర్లే, కానీ ఈ ఊళ్ళో దూరాన్ని కిలోమీటర్లలో చెప్పుకోరు, గంటల్లో చెప్పుకుంటారు. పొద్దున తొమ్మిదికి బయల్దేరితే మెహదీపట్నం దాటేసరికే సగం ఓపిక అయిపోతుంది, తర్వాత టోలిచౌకి, రాయదుర్గం. చార్మినార్ 1591 నుంచి అక్కడే ఉంది, ఇంకో రెండు రోజులు మీ కోసం ఆగుతుంది. తొమ్మిదిన్నర మీటింగ్ ఆగదు. నానక్‌రామ్‌గూడ పక్కనే ఉన్న గచ్చిబౌలి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వైపే తీసుకోండి.

రాజమండ్రి_రేవు:
థాంక్స్ అన్నా. బుకింగ్ యాప్‌లో "హైటెక్ సిటీ దగ్గర" అని కొడితే వందల హోటళ్ళు చూపిస్తోంది, రెండు వేల నుంచి పదిహేను వేల దాకా. దేన్ని నమ్మాలో తెలియట్లేదు.

సూట్‌కేస్_సుందరి:
నెలలో ఎనిమిది పది రాత్రులు హోటళ్ళలోనే గడిపేదాన్ని కాబట్టి కాస్త ఎక్కువే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

"దగ్గర" అన్న మాటని అసలు పట్టించుకోవద్దు, మియాపూర్‌లో ఉన్నదానికీ హైటెక్ సిటీ దగ్గర అనే రాసుకుంటారు. మ్యాప్‌లో హోటల్ నుంచి మీ మీటింగ్ ఆఫీసుకి దారి పెట్టి, బయల్దేరే టైము సోమవారం పొద్దున తొమ్మిది అని మార్చి చూడండి. ఇప్పుడు రాత్రి పదకొండింటికి చూస్తే పదిహేను నిమిషాలని చూపిస్తుంది, అది అబద్ధం కాదు గానీ మీకు పనికొచ్చే నిజం కాదు. ట్రాఫిక్ ఇరుక్కునే బయోడైవర్సిటీ జంక్షన్, ఐకియా వైపు దాటాల్సిన అవసరం లేని హోటల్ దొరికితే వంద రెండొందలు ఎక్కువైనా ఇచ్చేయండి.

రెండోది చప్పుడు. మీ మేనేజర్ గారి సంగతి విన్నాక ఇదే ముఖ్యం అనిపిస్తోంది. ఫ్లైఓవర్‌కి ఎదురుగా ఉన్న గదిలో మూడో అంతస్తు అంటే బస్సు డ్రైవర్ పక్క సీట్లో పడుకున్నట్టే. బుక్ చేశాక హోటల్‌కి ఫోన్ చేసి "వెనక వైపు, పై అంతస్తు, లిఫ్ట్‌కి దూరంగా" అని మూడు ముక్కలు చెప్పండి, బుకింగ్‌లో రాయించండి. యాప్‌లో కామెంట్ పెడితే ఎవరూ చదవరు, ఫోనే చెయ్యాలి. మొన్నామధ్య కొండాపూర్ లోపలి సందులో ఒక కొత్త హోటల్, ఫొటోల్లో అద్భుతం, వెళ్తే కిటికీ ఉంది గానీ తెరిస్తే చెయ్యి పెట్టేంత దూరంలో పక్క బిల్డింగ్ గోడ. పగలూ రాత్రీ తేడా తెలియలేదు, అలారం మోగితే ఏ పూటో అర్థం కాలేదు. కాబట్టి కిటికీ ఎటు తెరుచుకుంటుందో కూడా అడగండి, సిగ్గు పడకండి.

ఒంటరిగా వెళ్ళే ఆడవాళ్ళకి ఇంకో మాట: రాత్రి పదింటికి క్యాబ్ మెయిన్ రోడ్డు మీద దింపేసి, "లోపలికి రాదు మేడమ్" అనే సందుల్లోని హోటల్ ఎంత చవకైనా వద్దు.

బెజవాడ_హైవే:
సుందరి గారు ఒకటి మర్చిపోయారు, ఫంక్షన్ హాలు! పోయిన మాఘమాసంలో ఒక పెద్ద హోటల్లో దిగాను, కింద బ్యాంకెట్ హాల్లో పెళ్ళి. ముహూర్తం తెల్లవారుజామున, బారాత్ రాత్రి పదకొండుకి, డీజే దెబ్బకి గదిలో గ్లాసులోని నీళ్ళు వణికాయి. రిసెప్షన్‌కి ఫోన్ చేస్తే "సార్, పెళ్ళి వాళ్ళు" అన్నాడు, అదేదో సమాధానం అయినట్టు. అప్పటి నుంచి నేను హోటల్ బుక్ చేసేముందు పంచాంగం చూస్తాను. నవ్వకండి, మూఢంలో, ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు, నిద్ర ఉంటుంది.

మియాపూర్_మెట్రో:
అందరూ గచ్చిబౌలి అంటున్నారు, నేను ఒప్పుకోను. బేగంపేట, అమీర్‌పేట వైపు చూడండి. అమీర్‌పేటలో రెండు మెట్రో లైన్లు కలుస్తాయి. బాలానగర్‌కి రెడ్ లైన్‌లో కొద్ది స్టేషన్లే. నానక్‌రామ్‌గూడకి బ్లూ లైన్‌లో రాయదుర్గం దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి క్యాబ్. చార్మినార్ కూడా ఇక్కణ్ణుంచే దగ్గర. సికింద్రాబాద్ స్టేషన్ కూడా. గచ్చిబౌలిలో సాయంత్రం ఆరు తర్వాత క్యాబ్ దొరకడమే గగనం, దొరికినా కదలదు.

ఇరానీ_చాయ్:
మెట్రో అన్నా, మీ మాట మామూలుగా అయితే కరెక్టే. కానీ వాళ్ళకి మూడు రోజులు నానక్‌రామ్‌గూడ, ఒక్క రోజే బాలానగర్. రాయదుర్గం దగ్గర మెట్రో అయిపోతుంది, అక్కణ్ణుంచి ఇంకో ఆరేడు కిలోమీటర్లు, అదే అసలు ఇరుక్కునే ముక్క. మోకాళ్ళ నొప్పి ఉన్న మనిషిని రోజూ పొద్దున మెట్రో మార్పించి, మళ్ళీ క్యాబ్ కోసం రోడ్డు మీద నిలబెడతారా?

మియాపూర్_మెట్రో:
సరే, మోకాళ్ళ మాట మర్చిపోయా. వాళ్ళ వరకు గచ్చిబౌలే. కానీ ఇద్దరు ముగ్గురు క్లయింట్లు ఊరంతా చెల్లాచెదురుగా ఉన్నవాళ్ళు చదువుతుంటే మాత్రం అమీర్‌పేట, బేగంపేట వదలకండి.

బెజవాడ_హైవే:
అవునూ, సోమవారం పొద్దున దిగుతామన్నారు కదా, రాత్రి రైలా? లాడ్జిల్లో 24 గంటల లెక్క ఉంటుంది, పొద్దున ఆరింటికి దిగితే మర్నాడు ఆరు దాకా మీదే. బిజినెస్ హోటళ్ళలో ఆ పద్ధతి ఉండదు, మధ్యాహ్నం రెండింటికి గది ఇస్తారు, పన్నెండింటికి ఖాళీ చెయ్యమంటారు. ఆరింటికి బ్యాగులతో వెళ్ళి నిలబడితే లాబీలో సోఫా చూపిస్తారు. ముందే మాట్లాడి పొద్దున్నే గది ఇస్తారా, ఎంత అదనం అని అడగండి. మా బాస్ అయితే ఆదివారం రాత్రి నుంచే బుక్ చేయిస్తాడు, ఆ వైపు శని ఆదివారాలు రేట్లు తగ్గుతాయి కాబట్టి పెద్ద భారం కాదు. గచ్చిబౌలికి దగ్గరైన లింగంపల్లి దాకా వచ్చే రైలు దొరికితే సికింద్రాబాద్‌లో దిగకండి. విజయవాడ వైపు నుంచి కారులో వచ్చేవాళ్ళు ఊళ్ళోకి దూరకుండా పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కేయండి, టోల్ కడితే కట్టారు, సుఖంగా నానక్‌రామ్‌గూడలో దిగొచ్చు.

లెక్కల_పుల్లయ్య:
బిల్లు గురించి ఎవరూ మాట్లాడలేదు, మాట్లాడరు, తర్వాత మా దగ్గరికొచ్చి ఏడుస్తారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకి 7,500 రూపాయల దాకా ఉన్న గదికి జీఎస్టీ 5 శాతం, అంతకు ముందు 12 ఉండేది. ఆ పైన గదులకి 18 శాతం. అయిదు వేల బడ్జెట్ అంటే పన్నుతో కలిపా, కలపకుండానా అన్నది మీ ఆఫీసులో ముందే అడుక్కోండి. బుక్ చేసేటప్పుడే కంపెనీ పేరు, జీఎస్టీ నంబరు ఇవ్వండి, ఖాళీ చేసేటప్పుడు కౌంటర్ దగ్గర గుర్తు చేసుకుంటే అరగంట పడుతుంది. ఇంకోటి, మీ కంపెనీ రిజిస్ట్రేషన్ ఆంధ్రలో మాత్రమే ఉంటే తెలంగాణ హోటల్ వేసే పన్నుకి ఇన్‌పుట్ క్రెడిట్ రాదు, అంటే ఆ పన్నుని కంపెనీ తను కట్టే జీఎస్టీలో తగ్గించుకోలేదు. హోటల్ ఏ రాష్ట్రంలో ఉంటే పన్ను ఆ రాష్ట్రానిదే. అయినా ఖర్చు లెక్కకి బిల్లు కంపెనీ పేరు మీద ఉండాల్సిందే.

పెసరట్టు_ఉప్మా:
టిఫిన్ ఎన్నింటికి మొదలవుతుందో అడిగారా? కొన్ని చోట్ల ఏడున్నర, ఎనిమిది, పొద్దున్నే మీటింగుంటే అది కుదరదు. నేనైతే టిఫిన్ లేని రేటు తీసుకుని బయట ఇడ్లీ తింటాను, రుచి కూడా బయటే బాగుంటుంది. కానీ పెద్దాయన ఉన్నారు కాబట్టి టిఫిన్‌తోనే తీసుకోండి. బాత్రూంలో బకెట్, మగ్గు కూడా అడగండి, కొన్ని చోట్ల షవర్ తప్ప ఏమీ ఉండదు, అడిగితే తెచ్చిస్తారు. ఆ వైపు కొన్ని చోట్ల ట్యాంకర్ నీళ్ళు, నా జుట్టు నాలుగు రోజులకే కొబ్బరి పీచులా అయ్యింది.

రాజమండ్రి_రేవు:
ఇంతమంది ఇంత రాస్తారనుకోలేదు. చార్మినార్ సంగతి ఒక్కటి చెప్పండి.

ఇరానీ_చాయ్:
మధ్యలో ఒక రోజు మీటింగ్ త్వరగా అయితే క్యాబ్‌లో రాయదుర్గం వెళ్ళి, మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్ స్టేషన్)లో దిగండి. స్టేషన్లలో లిఫ్టులున్నాయి. చార్మినార్ దగ్గరికి మెట్రో లేదు, ఎంజీబీఎస్ నుంచి ఆటో. పైకి ఎక్కాలంటే మెలికల మెట్లు 149, ఇరుకు, పైగా సాయంత్రమే మూసేస్తారు. సార్‌ని కింద నుంచే చూపించి, లాడ్ బజార్‌లో గాజులు కొనిపించి, ఒక చాయ్ తాగించండి. గణేష్ నిమజ్జనం రోజు మాత్రం ఆ దరిదాపులకి పోవద్దు, బాలాపూర్ నుంచి హుస్సేన్ సాగర్ దాకా ఊరేగింపులే, రోడ్లన్నీ మూసేస్తారు.

రాజమండ్రి_రేవు (ఆరు వారాల తర్వాత):
వెళ్ళొచ్చాం, చెప్పకపోతే పాపం. గచ్చిబౌలి దగ్గర టిఫిన్‌తో కలిపి 4,600కి దొరికింది, ఆదివారం రాత్రి నుంచే తీసుకున్నాం. ఫోన్ చేసి మూడు ముక్కలూ చెప్పాను, అయినా రెండు గదులూ రోడ్డు వైపే ఇచ్చారు. బుకింగ్‌లో రాసి ఉంది చూడమంటే మార్చారు, కానీ వెనక గది ఒక్కటే ఖాళీ. అది సార్‌కి, ఫ్లైఓవర్ నాకు. మూడు రోజులూ మీటింగుకి ఇరవై నిమిషాల్లో చేరాం. బాలానగర్ రోజు సార్ మెట్రో వద్దని కారెక్కించారు, వెళ్ళడానికి గంటా ఇరవై, రావడానికి గంటా యాభై, ఆ వెనక్కొచ్చే దారిలో ఆయనే "ఆ మెట్రో ఎక్కడుందయ్యా" అని రెండుసార్లు అడిగారు.

బుధవారం చార్మినార్ వెళ్ళాం. సార్ భార్యకి మూడు డజన్లు గాజులు కొన్నారు, సైజు తెలియక నా చేతికి తొడిగి చూశారు.

సూట్‌కేస్_సుందరి:
సరిపోయాయా ఇంతకీ?

రాజమండ్రి_రేవు:
నాకు సరిపోయాయండీ. ఆవిడకి బిగుతయ్యాయట. వచ్చే నెల మళ్ళీ పంపిస్తున్నారు, గాజులు మార్చుకురమ్మని కూడా.