జీతం పెరిగింది, చేతికొచ్చేది మాత్రం అంతే... యూకేలో అందరికీ ఇంతేనా?

రీడింగ్ అనే ఊళ్లో ఉంటామండి, నాలుగేళ్లయింది. ఈ నెల పేస్లిప్ చూశాక హైక్ వచ్చిన సంతోషం రెండు నిమిషాలు కూడా నిలవలేదు, ట్యాక్స్ పోయి నేషనల్ ఇన్సూరెన్స్ (పెన్షన్ లాంటివాటికి జీతంలోంచి కోసేది) పోయి మిగిలినదాంట్లో మళ్లీ ఇంటికి లోకల్ కౌన్సిల్‌కి కట్టే కౌన్సిల్ ట్యాక్స్. పైగా వీసా రెన్యువల్‌కి హెల్త్ సర్‌చార్జ్ (ఇక్కడి ప్రభుత్వ వైద్యానికి వీసావాళ్లు కట్టే ఫీజు) పెద్దవాళ్లకి మనిషికి ఏడాదికి 1,035 పౌండ్లు. ట్యాక్స్ కడుతూనే ఉన్నాం కదా, మళ్లీ ఇదేంటి? బెనిఫిట్స్ అడుగుదామంటే వీసా మీదే పబ్లిక్ ఫండ్స్ లేవని రాసుంది!

>> లెస్టర్ బాబాయ్:
మీ ఒక్కరికే కాదు తమ్ముడూ. ఏడాదికి 12,570 పౌండ్ల దాకా ట్యాక్స్ లేదు అంటారా, ఆ అంకె 2021 నుంచి కదల్లేదు, 2025 నవంబర్ బడ్జెట్‌లో ఆర్థిక మంత్రి రేచల్ రీవ్స్ 2031 దాకా అలాగే ఉంచేశారు. రేటు పెంచలేదని వాళ్లు చెప్పుకోవచ్చు, ధరలతో పాటు జీతం పెరిగేకొద్దీ కోత మాత్రం పెరుగుతుంది. 50,270 దాటితే పై మొత్తానికి 40 శాతం, స్కాట్లాండ్‌లో లెక్క వేరేలే.

>> చలికోటు:
ఇక్కడివాళ్ల కోపం కూడా తక్కువేం కాదు. 2024 చలికాలంలో పెన్షన్ క్రెడిట్ (తక్కువ ఆదాయం ఉన్న పెద్దవాళ్లకిచ్చే సాయం) లాంటివి లేని పెద్దవాళ్లకి వింటర్ ఫ్యూయల్ డబ్బులు, అంటే చలికాలం హీటింగ్ ఖర్చుకి ప్రభుత్వం ఇచ్చేవి, ఆపేశారు కదా, మా పక్కింటి ముసలావిడ ఇంట్లోనే కోటు వేసుకుని, హాట్ వాటర్ బాటిల్ ఒళ్లో పెట్టుకుని టీవీ చూసేది. గోల పెరిగాక మరుసటి ఏడు ఏడాదికి 35,000 పౌండ్ల లోపు ఆదాయం ఉన్నోళ్లకి మళ్లీ ఇచ్చారు. ముందే ఆలోచించొచ్చుగా!

>> అడిగినవాణ్ణే:
థాంక్సండి. మా ఆవిడైతే ఆ పేస్లిప్ ఇంకోసారి ఓపెన్ చేయొద్దంటోంది 😅