మాతృగ్రహాన్ని కాపాడే దళంలో ఎన్ని నౌకలు ఉండాలి?

ప్రశ్న (కలం_కాగితం)

రాస్తున్న నవలలో మాతృగ్రహం భూమే. జనాభా 900 కోట్లు. శత్రువుకు మొత్తం 300 యుద్ధనౌకలు, ఒక్కో నౌక బలంలో మనవీ వాళ్లవీ సమానమే. నక్షత్రం నుంచి నక్షత్రానికి గెంతడం బృహస్పతి కక్ష్య అవతలే సాధ్యం. అక్కడి నుంచి లోపలికి మామూలు ఇంజన్లతోనే రావాలి. త్వరణం సెకనుకు సెకనుకు 1 మీటరు, అంటే భూమ్మీది గురుత్వంలో పదోవంతు. ఆయుధాల పరిధి 10,000 కి.మీ. మొదటి ప్రతిలో గ్రహరక్షణకు 12 నౌకలు పెడితే చదివినవాళ్లు నమ్మలేదు. చుట్టూ కంచెలా నిలబెడదామంటే లెక్క వేలల్లోకి పోతోంది. అసలు ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు (కక్ష్యాలెక్క)

కంచె వదిలేయండి. దాని లెక్క ఇది: గోళం వ్యాసార్థాన్ని ఆయుధ పరిధితో భాగించి, వచ్చినదాన్ని వర్గం చేసి, నాలుగుతో గుణించాలి. చంద్రుడి దూరంలో, అంటే దాదాపు 4 లక్షల కి.మీ. దగ్గర కంచె వేస్తే 40 వర్గం 1,600, దానికి నాలుగు రెట్లు 6,400. మధ్యలో సందులు మిగలకుండా వృత్తాలు ఒకదాని మీదికొకటి ఎక్కాలి కాబట్టి ఇంకో 20 శాతం కలపండి, సుమారు 7,700. అదే 50,000 కి.మీ. దగ్గర వేస్తే 120 చాలు. కానీ రెండింటిలోనూ లోపం ఒక్కటే. శత్రువు గుంపుగా ఒకే చోటికి వస్తాడు, ఆ చోట మీ నౌక ఒక్కటే ఉంటుంది.

మొదట చూడాల్సింది వైశాల్యం కాదు, ముందస్తు సమయం. బృహస్పతి కక్ష్య భూమికి అతి దగ్గరగా ఉన్న చోటు కూడా సగటున 63 కోట్ల కి.మీ. దూరం. మీ త్వరణంతో సగం దూరం వేగం పెంచుకుంటూ, మిగతా సగం తగ్గించుకుంటూ వస్తే 18 రోజులు పడుతుంది. తగ్గించకుండా దూసుకొస్తే 13 రోజులు.

ఇంజన్ వెలిగించినవాడు అంతరిక్షంలో దాక్కోలేడు. 10,000 టన్నుల నౌకను ఈ త్వరణంతో నెట్టాలంటే, ఎగ్జాస్టు వేగం, అంటే ఇంజన్ వెనక్కి చిమ్మేదాని వేగం, సెకనుకు 1,000 కి.మీ. అనుకున్నా, కనీసం 5 లక్షల కోట్ల వాట్లు కావాలి. ఇవాళ మనుషులందరూ కలిసి వాడుతున్న శక్తిలో అది దాదాపు నాలుగోవంతు. అంత వెలుగు 35 నిమిషాల్లో భూమికి చేరిపోతుంది. చంద్రుడి దగ్గరున్న మీ నౌక భూమి పక్కకు వచ్చి ఆగడానికి 11 గంటలు చాలు. 10 లక్షల కి.మీ. దూరంలో ఉన్నది కూడా 18 గంటల్లో వచ్చేస్తుంది. చెల్లాచెదురుగా ఉన్న దళం ఒక్కచోట చేరడానికి ఒక రోజు పడుతుంది, మీ చేతిలో పదమూడు రోజులున్నాయి. కంచె అవసరమే లేదు.

ఆ 13 రోజుల దాడిని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. అలా వచ్చినవాడు భూమి పక్కనుంచి సెకనుకు 1,120 కి.మీ. వేగంతో పోతాడు. మీ ఆయుధ పరిధిని అటునుంచి ఇటు దాటడానికి అతనికి 18 సెకన్లు చాలు. ఆ వేగంలో వదిలిన కిలో ఇనుప ముక్క 150 టన్నుల టీఎన్‌టీతో సమానం. అయితే ఆ నౌక ఆగాలంటే మరో 13 రోజులు ఇంజన్ వెలిగించాలి, అంటే గ్రహాన్ని ఆక్రమించడానికి వచ్చినవాడు ఈ దారి పట్టడు, ధ్వంసం చేయడానికి వచ్చినవాడే పడతాడు. శత్రువు దేనికి వస్తున్నాడో ముందు మీరు తేల్చుకోండి.

జవాబు (వర్గనియమం)

ఎక్కడ నిలబెట్టాలో పైన చెప్పారు కాబట్టి ఎన్ని అనేది నేను చెబుతాను.

శత్రువు దగ్గర 300 ఉన్నా అన్నీ రావు. మూడోవంతు ఎప్పుడూ మరమ్మతుకు డాకుల్లో ఉంటాయి. మిగిలిన 200లో తన గ్రహానికి 80 ఉంచుకున్నాడనుకుంటే వచ్చేవి 120.

ఫ్రెడరిక్ లాంచెస్టర్ అనే బ్రిటిష్ ఇంజనీరు 1916లో పుస్తకంగా వేసిన వర్గ నియమం ప్రకారం, ఎవరు ఎవరినైనా కొట్టగలిగే యుద్ధంలో బలం సంఖ్యతో కాదు, సంఖ్య వర్గంతో పెరుగుతుంది. గెలిచాక సగం దళమైనా మిగలాలంటే మీకు 139 కావాలి, 140 అనుకోండి. అదే 140ని చెరో 70గా రెండు చోట్ల పెట్టారా, శత్రువు మొదటి 70ని తుడిచిపెట్టాక అతనికి 97 మిగులుతాయి. రెండో 70ని కూడా ముగించాక 68 మిగులుతాయి. ఒక్కచోట ఉంటే గెలిచే దళం, విడిపోయినందుకు ఒక్క నౌక కూడా మిగలకుండా పోతుంది. మీ కథలో ఎవరైనా సేనాని తప్పు చేయాల్సి వస్తే ఈ తప్పు చేయించండి, నిజంగా జరిగే తప్పు ఇదే.

ఈ 140 కాగితం మీది సంఖ్య కాదు, దాడి రోజున కదలగలిగే నౌకల సంఖ్య. శత్రువు తనకు అనువైన రోజును ఎంచుకుంటాడు, మీరు రోజూ సిద్ధంగా ఉండాలి. ఒక్క అణుజలాంతర్గామిని ఎప్పుడూ సముద్రంలో ఉంచడానికి బ్రిటన్‌కు నాలుగు కావాల్సి వస్తున్నాయి, 1969 నుంచీ ఆ కాపలా తెగలేదు. మన నావికాదళం మూడో విమానవాహక నౌక అడిగేదీ ఇందుకే: తూర్పు తీరానికి ఒకటి, పడమటి తీరానికి ఒకటి, మరమ్మతులో ఒకటి. మీ లెక్కలోనూ మూడోవంతు డాకులకు పోతే 210 నౌకలు ఉండాలి.

జవాబు (సాల్వో)

210 దాకా ఒప్పుకుంటాను. కానీ వర్గ నియమం తుపాకులు ఆగకుండా కాల్చుకునే యుద్ధానికి సరిపోతుంది. మీ కథలో క్షిపణులుంటే వేన్ హ్యూజ్ అనే అమెరికన్ నావికాధికారి చూపించిన పద్ధతి వాడాలి: వచ్చిన క్షిపణుల్లోంచి ఆపగలిగినవాటిని తీసేసి, ఒక నౌకను ముంచడానికి ఎన్ని తగలాలో ఆ సంఖ్యతో భాగించాలి.

ఒక్కో నౌక ఒకే విడతలో 4 క్షిపణులు వదులుతుంది, 3 ఆపగలదు, 2 తగిలితే పోతుంది అనుకుందాం. 120 నౌకలు 480 వదులుతాయి. మీ 140 నౌకలు 420 ఆపుతాయి. మిగిలిన 60తో 30 నౌకలు పోతాయి. అదే విడతలో మీవి 560, వాళ్లు ఆపేవి 360, మిగిలిన 200తో వాళ్లకు 100 పోతాయి. ఇప్పుడు మీ సంఖ్యను 110కి తగ్గించి చూడండి. మీకు 75 పోతాయి, వాళ్లకు 40. పెంచి 160 చేస్తే మీకు ఒక్కటీ పోదు. 110కీ 160కీ మధ్య ఇంత తేడా ఉంటుందని చాలా నవలల్లో కనిపించదు. అక్కడ యుద్ధం మెల్లగా ఒకవైపు మొగ్గుతుంది. క్షిపణి యుద్ధంలో ఒక్క విడతలోనే తేలిపోతుంది.

ఇంకో మాట. 210 పెద్ద నౌకల లెక్క మాత్రమే. మొదటి ప్రపంచయుద్ధంలో, 1916 మే 31న జట్లాండ్ దగ్గర జరిగిన నౌకాయుద్ధంలో బ్రిటిష్ వైపు 151 నౌకలుంటే అందులో డ్రెడ్‌నాట్ అనే పెద్ద యుద్ధనౌకలు 28, డిస్ట్రాయర్లనే చిన్నవి 78. చిన్నవాటినీ ఇంధన నౌకలనూ విడిగా రాయండి.

ప్రశ్న (కలం_కాగితం)

మరి కక్ష్యలో కోటలు కడితే నౌకలు తగ్గవా? భూమికి దగ్గరగా కొన్ని గస్తీ నౌకలు కూడా అనుకున్నాను.

జవాబు (కక్ష్యాలెక్క)

కదలని కోట ఏ రోజు ఏ నిమిషానికి ఎక్కడ ఉంటుందో 63 కోట్ల కి.మీ. దూరం నుంచే లెక్కవేయొచ్చు. గురిచూసి వదిలిన ఇనుప ముక్క చాలు. కోటకు సెకనుకు సెకనుకు ఒక్క సెంటీమీటరు త్వరణమైనా ఇవ్వండి, గంటలో 65 కి.మీ. పక్కకు జరుగుతుంది. అంతమాత్రానికే దూరపు గురి తప్పుతుంది. అలాంటి కోటలుంటే నౌకలు కొంత తగ్గించొచ్చు, కానీ అవి దళంతో కలిసి ముందుకు కదలలేవు.

గస్తీ నౌకలు యుద్ధానికి కాదు, దొంగరవాణా పట్టుకోవడానికి, ప్రమాదంలో ఉన్నవాళ్లను కాపాడటానికి. 400 కి.మీ. ఎత్తు నుంచి భూమ్మీద 3 శాతమే కనిపిస్తుంది. అక్కడ కక్ష్య తలాన్ని 90 డిగ్రీలు తిప్పాలంటే, అంటే అడ్డంగా తిరిగే వేరే కక్ష్యలోకి మారాలంటే, సెకనుకు 10.8 కి.మీ. వేగం మార్పు కావాలి. మీ ఇంజన్‌కు కూడా అది మూడు గంటల పని. రెండు డజన్ల గస్తీ నౌకలు పెట్టి, ఒక్కోదానికి తన కక్ష్య తన బాధ్యత అనండి.

జవాబు (వర్గనియమం)

డాకులను మరిచిపోవద్దు. 210లో ప్రతి నౌకా మూడేళ్లకొక ఏడాది డాకులో ఉంటే మీకు 70 బెర్తులు, అంటే నౌకను నిలిపే చోట్లు, కావాలి. శత్రువు వెలుగు కనిపించిన రోజున ఆ 70లో పని ముగియడానికి 13 రోజులు మాత్రమే మిగిలినవి రెండో మూడో ఉంటాయి. మిగతావాటికి ఇంజన్లు విప్పేసి ఉంటాయి. కొన్నింటికి బయటి పలకలే ఉండవు. ఆ రెండు మూడింటిని రాత్రింబవళ్లు పనిచేసి బయటికి తీయాలా, లేక ఆ మనుషులను ఇప్పటికే బయట ఉన్న 140 నౌకల చిన్నచిన్న మరమ్మతులకు పంపాలా అన్నది డాకు అధికారి మొదటి గంటలోనే తేల్చుకోవాలి. రెండోదే సరైనది. 140లో పది నౌకలకు ఒక్కో క్షిపణి గొట్టం బాగుపడినా పై లెక్క ప్రకారం 10 క్షిపణులు ఎక్కువ, అంటే శత్రువుకు ఇంకో 5 నౌకలు తక్కువ.