ట్రాన్స్‌ప్లాంట్ ఇన్ఫెక్షన్ల ఫెలోషిప్ గురించి సలహా కావాలి

అందరికీ నమస్కారం. అమెరికా వచ్చి పది నెలలైంది. ఇంటర్నల్ మెడిసిన్ రెసిడెన్సీ (ఆస్పత్రిలో పనిచేస్తూ పొందే శిక్షణ) మొదటి ఏడాది, శిక్షణకు వచ్చేవాళ్లకిచ్చే జె-1 వీసా. పోయిన నెల బోన్ మ్యారో ట్రాన్స్‌ప్లాంట్ వార్డులో డ్యూటీ పడింది. అక్కడ ఇన్ఫెక్షియస్ డిసీజెస్ డాక్టర్ల పని చూశాక మనసు అటే లాగుతోంది. తోటి రెసిడెంట్లేమో "హాస్పిటలిస్ట్ (ఆస్పత్రిలో చేరిన పేషెంట్లను చూసే డాక్టర్) కన్నా తక్కువ జీతం కోసం ఇంకో మూడేళ్లు చదువుతావా" అంటున్నారు. ఈ దారిలో వెళ్లినవాళ్లు ఉంటే చదువు, పని, వీసా గురించి చెప్పగలరు.

* * *

డాక్టర్ గారూ, నేను ఎనిమిదేళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. జీతం గురించి మీ వాళ్లు చెప్పింది నిజమే. ఈ స్పెషాలిటీలో ప్రొసీజర్లు ఉండవు. గంటసేపు చార్టు చదివి ఆలోచించినదానికి ఇక్కడి బిల్లింగ్‌లో పెద్ద విలువ లేదు. అందుకే ఏటా ఈ ఫెలోషిప్‌లో సీట్లు మిగిలిపోతుంటాయి. వీసా మీద ఉన్నవాళ్లకు అది మంచి అవకాశం కూడా.

మూడేళ్ల రెసిడెన్సీ తర్వాత ఇన్ఫెక్షియస్ డిసీజెస్‌లో రెండేళ్ల ఫెలోషిప్ (ప్రత్యేక శిక్షణ), ఆపైన బోర్డు పరీక్ష. ట్రాన్స్‌ప్లాంట్, క్యాన్సర్ పేషెంట్ల ఇన్ఫెక్షన్ల కోసం చేసే మూడో ఏడాది మాత్రం వేరే వ్యవహారం. దానికి ఏసీజీఎంఈ (డాక్టర్ల శిక్షణకు గుర్తింపునిచ్చే సంస్థ) గుర్తింపు లేదు, విడిగా బోర్డూ లేదు. కాబట్టి ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. కొన్నిచోట్ల నిజంగా కూర్చోబెట్టి నేర్పిస్తారు. కొన్నిచోట్ల తక్కువ జీతానికి దొరికిన అటెండింగ్‌లా (శిక్షణ పూర్తయిన సీనియర్ డాక్టర్‌లా) వాడుకుంటారు. నాలుగు వారాల సగటున వారానికి 80 గంటలు దాటకూడదన్న రూలు రెండేళ్ల ఫెలోషిప్‌కి వర్తిస్తుంది. మూడో ఏడాదికి అది వర్తించాలంటే కాంట్రాక్టులో రాయించుకోవాలి. నన్నడిగితే, మీ రెండేళ్ల ప్రోగ్రామ్‌లోనే ఊపిరితిత్తులు, గుండె, బోన్ మ్యారో కేసులు దండిగా ఉంటే ఆ మూడో ఏడాది అక్కర్లేదు.

పని అంటే ఎక్కువభాగం ఫోనే. నేను ఫెలోగా ఉన్నప్పుడు ఒకసారి రాత్రి రెండు గంటలకు సర్జన్ ఫోన్ చేశారు. లివర్ దొరికింది, అరగంటలో తేల్చి చెప్పాలి. డోనర్‌కి చనిపోయే ముందు జ్వరం, మతిస్థిమితం తప్పడం, ఫిట్స్. వెన్ను నీటిలో తెల్లకణాలున్నాయి, కారణం మాత్రం తేలలేదు. ఇక్కడ మా పేషెంట్ ఐసీయూలో ఉన్నాడు, ఎన్నాళ్లు ఆగగలడో ఎవరం చెప్పలేం. కారణం తెలియని మెదడువాపు ఉన్న డోనర్ నుంచి అవయవం తీసుకోకూడదని చదివాను. 2004లో టెక్సస్‌లో ఒకే డోనర్ నుంచి రేబిస్ సోకి నలుగురు చనిపోయిన సంగతీ తెలుసు. అయినా "వద్దు" అనేటప్పుడు గొంతు పెగల్లేదు. అటెండింగ్‌ని లేపి అడిగాను, ఆవిడా వద్దనే అన్నారు. మా పేషెంట్‌కి తొమ్మిదో రోజున ఇంకో లివర్ వచ్చింది. ఆ తొమ్మిది రోజులూ పొద్దున్నే ముందు అతని గదికే వెళ్లేదాన్ని.

ఇంకొకటి, నా పొరపాటే. బోన్ మ్యారో పేషెంట్‌కి లివర్ పరీక్షలు పెరుగుతున్నాయని శుక్రవారం పోసకొనజోల్ అనే ఫంగస్ మందు ఆపమని నోట్ రాశాను. ఆ మందు ఉన్నంతకాలం శరీరంలో టాక్రోలిమస్ (రోగనిరోధక శక్తిని అణిచే మందు) లెవెల్ పెరిగిపోతుంది. అందుకే పోసకొనజోల్ మొదలుపెట్టేటప్పుడు టాక్రోలిమస్ డోసుని మూడో వంతుకి తగ్గిస్తాం. ఆపేటప్పుడు మళ్లీ పెంచాలి. ఆ సంగతి నేనూ రాయలేదు, ఇంకెవరూ చూడలేదు. పది రోజులకు టాక్రోలిమస్ లెవెల్ పడిపోయి, ఒంటినిండా దద్దుర్లతో జీవీహెచ్‌డీ (డోనర్ కణాలు పేషెంట్ శరీరంపై దాడి చేసే జబ్బు) వచ్చింది. దానికి స్టెరాయిడ్లు ఇచ్చాం. స్టెరాయిడ్లిస్తే ఫంగస్ భయం మళ్లీ మొదటికే. ఆమె కోలుకుంది. అప్పటినుంచి ఫార్మసిస్ట్‌తో నోటితో మాట్లాడాకే నోట్ సంతకం చేస్తున్నాను.

ఇప్పటినుంచే చేయదగ్గది ఒకటుంది. ఏ పేషెంట్‌ని చూసినా ట్రాన్స్‌ప్లాంట్ అయి ఎన్నాళ్లైందో ముందు లెక్కేయండి. మొదటి నెలలో ఆపరేషన్‌కి, ఆస్పత్రికి సంబంధించిన ఇన్ఫెక్షన్లు. ఆరో నెల దాకా సీఎంవీ అనే వైరస్, న్యుమోసిస్టిస్ (ఊపిరితిత్తులకు పట్టే ఫంగస్), ఇతర ఫంగస్‌లు. ఆ తర్వాత ఎక్కువగా బయట అందరికీ వచ్చేవే. అలాగే స్ట్రాంగిలాయిడ్స్ పురుగు దశాబ్దాలపాటు సద్దు లేకుండా కడుపులో ఉండి, స్టెరాయిడ్లు పడగానే ఒళ్లంతా పాకుతుంది. వేడి దేశాల నుంచి వచ్చిన పేషెంట్‌కి ముందే ఒక్క రక్తపరీక్ష చేయించి, ఉంటే ఐవర్‌మెక్టిన్ ఇస్తే ప్రాణం నిలుస్తుంది. ఇలాంటివి ఇక్కడ చదివినవాళ్ల కన్నా మనకు ముందు తడతాయి. ఇంటర్వ్యూలో మొహమాటపడకుండా చెప్పండి.

* * *

మేడమ్ చెప్పినదానికి వీసా సంగతి కలుపుతున్నాను. బాబూ, జె-1 మీద ట్రైనింగ్‌కి మామూలుగా ఏడేళ్ల వరకే గడువు. మూడు, రెండు, ఒకటి కలిపితే ఆరు, సరిపోతుంది. అయితే గుర్తింపు లేని ఆ మూడో ఏడాదికి జె-1 ఇప్పించే ఏర్పాటు అన్ని ఆస్పత్రులకూ ఉండదు. ఆఫర్ చేతికొచ్చాక అడిగితే లాభం లేదు, ఇంటర్వ్యూలోనే అడుగు.

ట్రైనింగ్ అయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలి, లేదంటే వేవర్ (ఆ షరతు నుంచి మినహాయింపు) కావాలి. కాన్రాడ్ అనే పథకం కింద వేవర్లు రాష్ట్రానికి ఏడాదికి 30, డాక్టర్లు తక్కువున్న చోట మూడేళ్లు పనిచేయాలి. ట్రాన్స్‌ప్లాంట్ సెంటర్లేమో పెద్ద ఊళ్లలో ఉంటాయి, చిక్కంతా అక్కడే. ఆ 30లో పది వరకు అలాంటి ప్రాంతాల బయట ఉండి కూడా అక్కడి పేషెంట్లను చూసే ఆస్పత్రులకు ఇవ్వొచ్చు. మా అబ్బాయికి అలాగే దొరికింది. రూల్స్ మారుతుంటాయి, ఇమిగ్రేషన్ లాయర్‌తో ముందే మాట్లాడు.

* * *

ఇద్దరికీ చాలా థ్యాంక్స్. మేడమ్, ఒకటి అడగొచ్చా? నెలల తరబడి చూసిన పేషెంట్లు చనిపోతే ఎలా తట్టుకుంటారు? ఆ వార్డులో ఒక పెద్దాయన పోయారు, ఇంకా నిద్ర పట్టడం లేదు.

* * *

తట్టుకోవడం ఇంకా పూర్తిగా రాలేదు నాకు. మా టీమ్‌లో ఎవరైనా పోతే ఆ రోజు రౌండ్స్ అయ్యాక నర్సులతో కలిసి పది నిమిషాలు కూర్చుని ఆ మనిషి గురించి మాట్లాడుకుంటాం, కేసు గురించి కాదు. అలాంటి చోటు వెతుక్కోండి. ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు అటెండింగ్ పక్కన లేకుండా ఇప్పటి ఫెలోతో మాట్లాడి, పేషెంట్ పోయిన రోజు ఇక్కడేం చేస్తారని అడగండి. ఆ పెద్దాయన గురించి నాకు విడిగా రాయండి, ఈ ఆదివారం నాకు డ్యూటీ లేదు.