కాళ్లు కదిలితే ఛార్జింగ్ ఎలా అవుతుంది?

మల్కాజ్‌గిరి నాన్న: నిన్న హైదరాబాద్‌లో ఒక అంతర్ కళాశాలల బాస్కెట్‌బాల్ ఫైనల్. మా అమ్మాయి లే-అప్‌కు, అంటే బుట్ట దగ్గరి నుంచి బంతి వేయడానికి, లేచింది. అవతలి అమ్మాయి పక్కకు జరుగుతూ వచ్చి, తగలగానే వెల్లకిలా పడింది. రిఫరీ అరచేతిలో పిడికిలి గుద్ది ఛార్జింగ్, అంటే గుద్దిన తప్పు మా అమ్మాయిదే అన్నాడు. ఐదో ఫౌల్, మా అమ్మాయి బయటికి! కాళ్లు కదులుతుంటే అది బ్లాకింగే, అంటే అడ్డొచ్చిన అమ్మాయి తప్పే కదా?

పాత విజిల్: కాదండీ. కదలకుండా నిలబడాలని అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా నిబంధనల్లో లేదు. ఎదురుగా నిలిచి రెండు పాదాలూ నేలకు ఆనించాక డిఫెండర్, అంటే అడ్డుకునే ఆటగాడు, పక్కకో వెనక్కో జరగవచ్చు. మీ అమ్మాయి గాల్లోకి లేవకముందే ఆమె అక్కడికి చేరిందా? దెబ్బ ఛాతీకి తగిలిందా? చూడవలసింది అదే.

కుర్ర గార్డ్: బుట్ట కింద అర్ధవృత్తంలో ఉంటే?

పాత విజిల్: 1.25 మీటర్ల వ్యాసార్ధం ఉన్న ఆ గీతను డిఫెండర్ పాదం తాకినా చాలు, గాల్లో ఉన్న ఆటగాడి మీద ఛార్జింగ్ ఇవ్వకూడదు.

మల్కాజ్‌గిరి నాన్న: ఆ కోర్టులో గీత ఎప్పుడో చెరిగిపోయింది! ఇక రిఫరీ దేన్ని చూసి చెప్పాడు? పైగా అది పచ్చి నటన.

కుర్ర గార్డ్: అమెరికా లీగ్ ఎన్‌బీఏలో 2023-24 నుంచి నటించి పడితే ప్రత్యర్థికి ఒక ఫ్రీ త్రో (ఎవరూ అడ్డుకోని షాట్) ఇస్తున్నారు.

చాదర్‌ఘాట్ కోచ్: నటనా? ఆ అమ్మాయి మా జట్టు పిల్ల. సిమెంటు మీద మోచేయి చర్మం లేచిపోయింది. రాత్రి తడి దూదితో ఇసుక రేణువులు ఒక్కొక్కటే తీసింది నేను. నోరు జారకండి.

పాత విజిల్: మళ్లీ చెబుతున్నాను, కాళ్లు కదలడం తప్పు కాదు.

మల్కాజ్‌గిరి నాన్న: మీ కాళ్ల గొడవ ఆపండి సార్! కోచ్ గారూ, ఎదురెళ్లి నిలబడి పడమని నేర్పింది మీరే కదా? మా పెద్దమ్మాయి కూడా ఇలాగే ఒక కోచ్ మాట విని నిలబడింది. మణికట్టు విరిగింది. ఆ ఏడాది పరీక్షలో తన జవాబులు వేరొకరు రాశారు. నిన్నటి విజిల్ సరైనదే కావచ్చు. సిమెంటు కోర్టులో పిల్లలకు ఈ విద్య నేర్పడం మాత్రం ఘోరం.

చాదర్‌ఘాట్ కోచ్: మా జట్టులో ఐదున్నర అడుగులు దాటిన పిల్ల ఒక్కతే. పొడుగు పిల్లలు దూసుకొస్తుంటే పక్కకు తప్పుకోమని చెప్పమంటారా? అంతకంటే ఆట మానిపించడం నయం.

మల్కాజ్‌గిరి నాన్న: నిలబడటం నేర్పారు సరే. గడ్డం ఛాతీకి ఆనించి, అరచేతులు వెనక నేలకు మోపకుండా పడటం నేర్పారా?

చాదర్‌ఘాట్ కోచ్: రెండు వారాలు పరుపు మీద నేర్పాను. మైదానంలో పరుపు ఉండదు కదండీ.